కట్టె ముట్టని అన్నం

మా ఇల్లు పుట్టపర్తిలో. మేడ మీది గది ఆశ్రమానికి వచ్చేవాళ్లకు అద్దెకిస్తాం. మొన్న చలికాలం ఒక జపానామె దిగింది. నాకంటే నాలుగేళ్లు పెద్దదేమో. వచ్చిన వారానికే జ్వరం. జ్వరమైతే తగ్గింది కానీ నోటికి ఏదీ సయించలేదు. నాలుగు రోజులు అరటిపండూ నీళ్లే. కారం వేయని పెసరపప్పు తీసుకెళ్లినా చేతులు జోడించి వద్దనేది. ఆ పొద్దున డాక్టరు వచ్చి, సాయంత్రంలోగా నాలుగు ముద్దలు లోపలికి పోకపోతే ఆసుపత్రిలో చేర్చి సెలైను ఎక్కించాల్సిందే అన్నాడు. ఆమె దుప్పటిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. అది చూశాక నాకు కాలు నిలవలేదు.

ఆమె ఫోనులో ఏం మాట్లాడినా అది తెలుగులో చెబుతుంది, వార్తలు చదివినట్టు, కింది గడప దాకా వినపడేంత గట్టిగా. "మీ ఇంట్లో అయితే ఏం తింటావమ్మా?" అని అడిగాను. ఆమె కళ్లు మెరిశాయి. సంచిలోంచి వేలెడంత సోయా సాస్ సీసా, గుప్పెడు ఎండు పుట్టగొడుగులు తీసి నా చేతిలో పెట్టింది. ఫోను చెప్పింది: "బియ్యం కడిగి అరగంట నానబెట్టండి. సాస్, నీళ్లు పోయండి. కూరగాయలు పైన పరచండి. కలపవద్దు. కుక్కర్ మీట నొక్కండి. మీట లేచాక పది నిమిషాలు మూత తీయవద్దు."

ఇంతేనా! మా తమ్ముడు బెంగళూరు నుంచి తెచ్చిన కరెంటు కుక్కర్ అటక మీద ఉంది. దుమ్ము దులిపి దించాను. మా అత్త గడప మీద కూర్చుని అంతా చూస్తోంది.

"ఏమే, చెప్పుల తోలు నానబెట్టినావు?"

"పుట్టగొడుగులు అత్తా."

"తిరగమోత?"

"లేదు."

"కారం?"

"లేదు."

"అట్లయితే ఆసుపత్రే మేలు పో!"

సగం సీసా సాస్ పోసి, క్యారెట్టూ పుట్టగొడుగుల్లో సగమూ పరిచి మీట నొక్కాను. కాసేపటికి మూత కిందనుంచి నురగ పొంగింది. అయ్యో, అడుగంటుతుందేమో! ముప్పై ఏళ్లుగా రాగి సంగటి గెలికిన చెయ్యి ఇది. చెప్పింది మనసుకు తెలుసు, చేతికి తెలియదు కదా. మూత తీసి, సంగటి కట్టె దించి, కాలి బొటనవేళ్లతో కుక్కర్‌ను అదిమిపట్టి గిరగిరా గెలికేశాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

మీట టక్కుమని పైకి లేచాక చూస్తే అన్నం లేదు. గోధుమరంగు ముద్ద. అత్త వంగి చూసి, "సంగటి గదే ఇది!" అని పకపకా నవ్వింది. చెయ్యి తడి చేసుకుని ఉండ చేసింది, నడిమధ్య గుంత పెట్టింది, వేరుశనగ బుడ్డల చట్నీ వేసుకుని మూడు ముద్దలు లాగించింది. నాకేమో ఏడుపు వస్తోంది. సీసాలో మిగిలింది సగమే. ఈసారి తప్పితే ఇక లేదు.

"ఏడుస్తే ఏమొస్తాదే? మళ్ల ఎత్తిపెట్టు. ఆ కట్టె ఇట్లియ్యి," అంది అత్త. కట్టెను తన తొడ కింద పెట్టుకుని కుక్కర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. "నువ్వు మూత ముట్టినావంటే చెయ్యి ఇరగ్గొడతా."

ఈసారి గుప్పెడు పచ్చి బుడ్డలు ఒలిచి పైన చల్లాను. ఆ గింజలు వేయకుండా మేము ఏ వంటా వదలం. మీట నొక్కాను. నురగ పొంగింది. నేను లేచాను.

"కూర్చో!"

కూర్చున్నాను. కరెంటు పోకూడదని చూరు వైపు దండాలు పెడుతూ ఉన్నాను. టక్! లేవబోయాను.

"పది నిమిషాలు అట్లే పెట్టమని ఆ ఫోను చెప్పలేదా? నాకే వినపడిందే, నీకు లేదా?"

మూత తీస్తే ఏం వాసన! వాన పడిన అడవిలా ఒకటి, వేయించినట్టు ఒకటి. మెతుకు మెతుకు విడివిడిగా నిలబడి ఉంది. నేను వడ్డించడానికి తట్ట అందుకునేలోగా మెట్ల మీద చప్పుడు. నాలుగు రోజులు మంచం దిగని మనిషి, గోడ పట్టుకుని తనే దిగి వస్తోంది!

చాప మీద కూర్చుని చేతులు జోడించి, కళ్లు మూసి, ఒక్క ముద్ద పెట్టుకుంది. నమిలింది. నేనూ అత్తా ఊపిరి బిగబట్టాం. రెండో ముద్ద, మూడోది, నాలుగోది. బుడ్డ తగిలినప్పుడల్లా ఆగి నా వైపు చూసి తలూపింది. తట్ట ఖాళీ. అప్పుడు వేలు చాచి కుక్కర్ అడుగును చూపించింది. అక్కడ ఎర్రగా, పెళుసుగా మాడు పట్టి ఉంది. గెలకలేదు కాబట్టి పట్టింది.

అత్త మొహం వాడిపోయింది. మా ఇంట్లో మాడు ఆమెకే చెల్లు, నలభై ఏళ్లుగా ఎవరూ అడిగినవాళ్లు లేరు.

"ఓసినీ, ఈమెకూ ఎరుకేనా దీని రుచి?"

కట్టె తొడ కింద నుంచి తీసింది. దాని కొనతోనే మాడు గీకి, రెండు ముక్కలు చేసింది. ఎక్కువ తక్కువలు బాగా చూసుకుని, పెద్ద ముక్క జపానామె చేతిలో పెట్టింది.

"తిను తల్లీ. రేపటి మాడు మాత్రం నాదే."

ఫోను ఆ మాటను ఆమె భాషలో చెప్పేసరికి, నోట్లో మాడుతోనే ఆమె కిసుక్కున నవ్వింది. నేను వీధి వాకిట్లోకి పరిగెత్తి, ఇక సెలైను అక్కర్లేదని చెప్పడానికి డాక్టరుకు ఫోను కలిపాను.