పొట్ట మీద నేను గీసుకున్న గీత

ఆ రోజు ఒక్క లారీ టేకు కొలిచేలోపే ఆరుసార్లు మూత్రానికి వెళ్లాను. ఆరోసారి చుక్కలే వచ్చాయి, వాటిలో ఎరుపు కనిపించింది. నాకప్పుడు యాభై నాలుగేళ్లు. ఛత్రినాకలో ఒక కలప అడితిలో దుంగలు కొలిచేవాణ్ణి. చదువు నాలుగో తరగతితో ఆగినా, చుట్టుకొలత, పొడవు చెబితే ఘనపుటడుగులు కాగితం లేకుండా లెక్కకడతాను.

ఆసుపత్రిలో డాక్టరు వేలితో పరీక్షించి, ప్రోస్టేట్‌లో గట్టి గడ్డ తగిలిందన్నారు. బయాప్సీలో కేన్సర్ అని తేలింది. ఎముకల ఎక్స్‌రేలో ఏమీ లేదు. గ్రంథి మొత్తం తీసే పెద్ద ఆపరేషన్ ఒకటి, మావాళ్లు కరెంటు పెట్టడం అనే ఏడు వారాల కోబాల్ట్ కిరణాల చికిత్స ఒకటి, ఏదో నన్నే తేల్చుకోమన్నారు. ఆపరేషన్ అయితే మూత్రం ఆగకపోవచ్చు. కోబాల్ట్ అయితే పేగు పుండు పడవచ్చు. మగతనం రెండింటిలోనూ పోవచ్చు.

నూటికి ఎందరు బతుకుతారని అడిగాను.

"మా దగ్గర అంత లెక్క లేదు. ఉందంటే అబద్ధమవుతుంది" అన్నారు.

లెక్క లేకుండా నేనేదీ తేల్చుకున్నవాణ్ణి కాదు. నాలుగు రోజులు అన్నం సయించలేదు. చివరికి నా భార్య సత్తెమ్మ తేల్చింది.

"తడి లుంగీతోని అడితికి పోతవా? పోవు. ఇంట్లనే కూసొని కుములుతవ్. ఆ కరెంటే పెట్టించుకో."

కిరణాలు ఎక్కడ పడాలో గుర్తుగా పొట్ట కింద, తుంట్ల మీద ఊదా సిరాతో గీతలు గీసి, చెరగనివ్వొద్దన్నారు. పద్దెనిమిది సిట్టింగులయ్యాక ఆదివారం బోనాలు వచ్చాయి. సత్తెమ్మ బోనం ఎత్తుతుంటే స్నానం లేకుండా పక్కన నిలబడలేకపోయాను. స్నానం చేసేసరికి ఒకవైపు గీత పూర్తిగా పోయింది. దుంగల మీద రోజూ గుర్తులు పెట్టే చెయ్యి కదా, టేపుతో కొలిచి నేనే గీసుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

రెండు సిట్టింగులు ఆ గీత మీదే జరిగాయి. మూడో రోజు టెక్నీషియన్ సలీం భాయ్ చెయ్యి ఆగింది.

"ఇది మా సిరా కాదు. ఎవరు గీసిన్రు?"

"నేనే. కొలిచే గీసిన భాయ్."

"నిలబడి కొల్చినవా, పండుకొని కొల్చినవా?"

నిలబడే కొలిచాను. పడుకుంటే చర్మం జరుగుతుంది. దుంగకు ఆ బాధ లేదు. గీత వేలెడు పక్కకు పడింది.

డాక్టరు వచ్చేదాకా సత్తెమ్మా నేనూ నాలుగు గంటలు బెంచీ మీద కూర్చున్నాం. ఆ వేలెడు మేరలో జబ్బు మిగిలిపోతే?

"ఆ రెండూ సరిగ్గా పడ్డాయో లేదో చెప్పలేను. మళ్లీ ఇస్తాం. పేగు తట్టుకోవాలి" అన్నారు డాక్టరు.

పేగు తట్టుకోలేదు. నెల రోజులు నెత్తురు విరేచనాలయ్యాయి. తొమ్మిది కిలోలు తగ్గాను.

ఇప్పటికి నాలుగేళ్లు. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేస్తున్నారు, ఇంతవరకూ జబ్బు తిరగబెట్టలేదు. కారం పడదు. మగతనం తిరిగి రాలేదు, అది రాయడానికి సిగ్గుపడను. అడితికి మాత్రం రోజూ వెళ్తున్నాను.

చికిత్స మధ్యలో గీత చెరిగినా, మాత్ర తప్పినా అదే రోజు వెళ్లి చెప్పండి. తిడతారు, తిట్టనివ్వండి. సలీం భాయ్ సరైన గీత మళ్లీ గీయడానికి పట్టింది ఇరవై నిమిషాలు.