పదకొండు–సున్నా

వెల్డింగ్ షాపులో అతణ్ణి అందరూ ‘పాయింట్ల మాస్టారు’ అంటారు. వెనకాలే లెండి, ఎదురుగా అంటే కొరికేస్తాడు. పగలంతా గేట్లకు అతుకులు వేస్తాడు, సాయంత్రం పన్నెండేళ్ల లోపు అమ్మాయిల ఫుట్‌బాల్ టీమ్‌కు కోచింగ్ ఇస్తాడు. మధ్యలో ఖాళీ దొరికితే మసి చేతులతోనే ఫోన్ తీసి టీమ్ రేటింగ్ చూసుకుంటాడు. పిల్లల పేర్ల దగ్గర తడబడతాడు గానీ ఆ నంబరు మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఆ రేటింగ్ గెలిస్తే పెరిగేది, ఓడితే తగ్గేది అయితే ఇంత ఏడుపు ఉండేది కాదు. రెండు టీమ్‌ల నంబర్లు చూసి, పైవాళ్లు ఎన్ని గోల్స్ తేడాతో గెలవాలో కంప్యూటర్ ముందే చెబుతుంది. అంతకు మించితే నంబరు పెరుగుతుంది. తగ్గితే, గెలిచినా సరే, కోత పడుతుంది. క్లబ్బులోని టీమ్‌లన్నిటి సగటే క్లబ్బు నంబరు. కొత్త టీమ్‌తో ఆడితే, అది సీజన్‌లో ఐదు మ్యాచ్‌లు పూర్తి చేశాకే ఆ ఫలితం లెక్కలోకి వస్తుంది. ఈ చివరి ముక్క మాస్టారు చదివాడు, నాకెందుకులే అని వదిలేశాడు.

టీమ్ నంబరు నలభై దాటితేనే మొదటి డివిజన్‌లో ఉంటారు. ఇతని టీమ్‌ది ముప్పై తొమ్మిదిన్నర. కిందికి దిగితే కోచ్‌ని మార్చేస్తామని క్లబ్బు సెక్రటరీ మొహం మీదే చెప్పాడు. మిగిలింది ఒక్క మ్యాచ్, అదీ సొంత చెల్లెలి టీమ్‌తో. ఇస్త్రీ షాపు నడుపుకునే ఆవిడ వీధిలో పిల్లల్ని పోగేసి ఈ ఏడే టీమ్ పెట్టింది. వాళ్లకది నాలుగో మ్యాచ్. కంప్యూటర్ ఆరు గోల్స్ తేడా అడిగింది.

హాఫ్ టైమ్‌కే ఏడు కొట్టారు. చెల్లెలి గోల్‌కీపర్ పిల్ల చేతి తొడుగులతోనే కళ్లు తుడుచుకుంటోంది.

“అన్నయ్యా, నీకు కావాల్సింది వచ్చేసిందిగా. ఇక పాస్‌లు ఆడించుకో. పిల్లలు బిక్కచచ్చిపోయారు,” అంది చెల్లెలు.

“నీ పిల్లలకు ఆట రాకపోతే నా పిల్లలు కాళ్లు కట్టేసుకోవాలా? ఎన్ని ఎక్కువైతే నాకంత మంచిది. పక్కకి జరుగు.”

పదకొండు–సున్నా. చివరి గోల్‌కి అతని పిల్లలే చప్పట్లు కొట్టలేదు. ఛీ, అంతమంది పసివాళ్ల మధ్య ఎగిరి గంతేసింది ఆ పెద్దమనిషి ఒక్కడే.

శనివారం రేటింగ్ జాబితా వచ్చింది. నంబరు కదల్లేదు. ఫోన్ చేస్తే సెక్రటరీ విసుక్కున్నాడు: “అవతలి టీమ్ ఐదో మ్యాచ్ ఆడితే నీది నలభై దాటుతుంది. రేపటితో సీజన్ గడువు అయిపోతుంది. వాళ్లేమో టీమ్ ఎత్తేస్తున్నారట.”

మాస్టారు పడుతూ లేస్తూ ఇస్త్రీ షాపుకెళ్లాడు. చెల్లెలు తలెత్తకుండా చొక్కా కాలర్ మీద ఇస్త్రీ పెట్టె నడిపిస్తూనే ఉంది.

“రేపు ఒక్క మ్యాచ్ ఆడించవే. ఎవరితోనైనా సరే, ఓడినా పర్లేదు.”

“ఎవర్ని పెట్టి ఆడించను? ఆ గోల్‌కీపర్ పిల్ల తొడుగులు తెచ్చి ఇచ్చేసింది. మన మ్యాచ్ మర్నాటి నుంచి ఇంకో ఐదుగురు రావట్లేదు.”

“నేనే వాళ్ల ఇళ్లకెళ్లి బతిమాలతాను.”

“నిన్ను చూస్తే తలుపులేసుకుంటారు.” ఆవిడ చొక్కా మడిచి పక్కన పెట్టింది. “ఏడు దగ్గరే ఆపి ఉంటే వాళ్లు రేపు వచ్చి ఆడేవాళ్లు అన్నయ్యా. ఇక పక్కకి జరుగు, వెనకాయన తన చొక్కా కోసం నిలబడ్డాడు.”