అత్త పలకని పిలుపు

మా మేనత్తకు రెండు కళ్ళలోనూ శుక్లాలు. ఆపరేషన్ అంటే భయం. పోయిన వేసవిలో మిరపకల్లం దగ్గర కూర్చుని ఆమె చేత్తో తడుముకుంటూనే కాయల తొడిమలు తీస్తుంటే, నేను పక్కన చేరి ఒక పుస్తకం చదివి వినిపించేదాన్ని. ఎక్కడో మంచుదేశంలో అడవిలో తప్పిపోయి, వారాల తరబడి ఒంటరిగా బతికి బయటపడ్డ మనిషి కథ అది.

కావాలనే ఆ పుస్తకం తెచ్చాను. నా పదో ఏట అత్త కూడా నల్లమలలో ఆరు రోజులు తప్పిపోయింది. మార్కాపురం అవతల, కొండల అంచున ఆమె అత్తగారి ఊరు. చూలుమేక ఒకటి మందలోంచి జారిపోతే వెతుక్కుంటూ అడవిలోకి వెళ్ళింది. ముసురు పట్టి దారి తెలియలేదు. మా నాన్న నలుగురిని వెంటబెట్టుకుని వెళ్ళి మూడు రోజులు "అక్కా, అక్కా" అని అరుస్తూ తిరిగాడు. గొంతు పోయింది గానీ అక్క దొరకలేదు. ఆరో రోజున తేనె కోసం వచ్చిన చెంచులకు వాగు పక్కన కనపడితే, వాళ్ళే తీసుకొచ్చి అప్పగించారు.

"నా కేక వినపళ్ళేదా అక్కా?" అని నాన్న అడగడం నాకు గుర్తుంది.

"లేదురా" అంది అత్త.

ఇంకో మైలు లోపలికి వెళ్ళి ఉండాల్సిందని నాన్న పోయేదాకా బాధపడ్డాడు.

కల్లం దగ్గర ఒక రోజు చదువుతున్నది, పుస్తకంలోని మనిషికి దూరంగా మాటలు వినిపించే చోటు. అత్త చేతులు ఆగిపోయాయి.

"వెళ్ళాడా వాళ్ళ దగ్గరికి?"

"ఇంకా అక్కడిదాకా రాలేదత్తా."

"నేను వెళ్ళలేదే" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె మిరపకాయల వైపే చూస్తూ చెప్పింది.

"నాలుగో రోజున మీ నాన్న పిలుస్తానే వచ్చాడు. వాడి గొంతని తెలుసు. అయినా పొదలోకి దూరి నోరు మూసుకున్నా. పది అడుగుల్లో ఒక్కడే రాయి మీద కూర్చుని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. చూస్తానే ఉన్నా. లేచి వెళ్ళిపోయాడు."

"ఎందుకు పలకలేదత్తా?"

"తెలిస్తే వాడికే చెప్పేదాన్ని కదమ్మా. మనిషంటేనే భయమేసింది. చెంచులు కూడా నన్ను పట్టుకునే తెచ్చారు. నా అంతట నేను రాలేదు."

తొడిమ ఒకటి తుంచి "చదువు" అంది.

చదివాను. పుస్తకంలోని మనిషి కేకలు పెడుతూ వాళ్ళ వైపు పరిగెత్తాడు. అత్త ఇంకో గుప్పెడు కాయలు ఒళ్ళోకి లాక్కుంది.

పుస్తకం పూర్తి చేశాను గానీ, అందులోని మంచు ఒక్కసారి కూడా కళ్ళ ముందుకు రాలేదు. ముసురులో రాయి మీద కూర్చున్న మా నాన్నే కనపడ్డాడు, పొదలోంచి చూసినట్టు.

నాన్న పోయి రెండేళ్ళయింది. అప్పట్నుంచి అత్త పత్తిచేలో ఒంటరిగా ఉన్నప్పుడు ఉన్నట్టుండి "ఇక్కడే ఉన్నాన్రా తమ్ముడా, వస్తున్నా" అని గట్టిగా అంటూ ఉంటుంది. వయసు మీదపడి అలా అంటోందని ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నేను వాళ్ళకేమీ చెప్పలేదు.