తిరిగొచ్చిన గరిటెలు

మొన్న మధ్యాహ్నం టీవీలో పాలస్తీనా వార్తలు వస్తున్నాయి. గుడారాల మధ్య మూడు రాళ్ళ పొయ్యి పెట్టుకుని, నా ఈడు మనిషి ఒకామె పెద్ద గిన్నెలో పప్పులాంటిదేదో కలుపుతోంది. చేతిలో గరిటె లేదు, విరిగిన కిటికీ చెక్క ముక్క ఉంది. మనవరాలు ఛానల్ మార్చబోతే ఉండమన్నాను. చేతిలో పని ఆపి టీవీ చూసే అలవాటు నాకు లేదు, అందుకని ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. అరబ్బుల, యూదుల పోట్లాట నాకు ఈనాటిది కాదు. ఉదయగిరిలో మా నాయన అంగట్లో పొట్లాలు కట్టేనాటిది.

నేను చదివింది మూడో తరగతి. ఆడపిల్లకు అది చాలన్నారు. అయినా అక్షరం మరిచిపోలేదంటే అది పొట్లాల కాగితాల చలవే. నెల్లూరు నుంచి పాత పత్రికలు కట్టలుగా వచ్చేవి, మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వాటిని సమానంగా చించి పెట్టడం నా పని, చించే ముందు చదువుకోవడం నా ఆశ. అంగడి పక్కనే గరిటెలు చెక్కే సాయిబు మామ ఇల్లు. కొండ మీద దొరికే నర్ది కర్రతో ఆయన చేసిన గరిటె ఏళ్ళ తరబడి కాగే కూరలో తిరిగినా పగిలేది కాదు. మామకు తెలుగు చదవడం రాదు, అందుకని ఉలి ఆడిస్తూనే నా చేత ఆ కాగితాలు చదివించుకునేవాడు.

పెద్ద యుద్ధంలో తెల్లవాళ్ళ పటాలంలో చేరి ఆయన పాలస్తీనా దాకా పోయి వచ్చాడు. అక్కడ జ్వరంతో పడితే, దండు దిగిన చోటికి దగ్గరలో నారింజ తోట ఉన్న ఒక ముసలమ్మ, రోజూ రొట్టె, పులుసు పంపి బతికించిందట. మామకు ఖురాను సూరాలు నోటికి వచ్చు గానీ అరబ్బీలో మంచినీళ్ళు అడగడం రాదు. “అల్లాతో మాట్లాడతావు, నాతో మాట్లాడవేందిరా అన్నట్టు చేతులు తిప్పేది మే ఆ ముసల్ది” అని చెప్పి పగలబడి నవ్వేవాడు. ఆమె గరిటె కాడ విరిగి, పేలికతో కట్టి ఉండటం చూసి, ఊరికి పోయాక మంచివి చేసి పంపుతానని మాటిచ్చి, ఆమె కొడుకు చేత అడ్రసు రాయించుకుని వచ్చాడు.

ఆ నేల కోసం పేచీ సంగతీ నాకు చెప్పింది ఆయనే. తెల్లవాడు అరబ్బులకు ఒక మాట, యూదులకు ఒక మాట ఇచ్చి కూచున్నాడట. యూరపులో తరిమి చంపుతుంటే ఓడలెక్కి వచ్చిన యూదులనూ ఆయన రేవులో చూశాడు, ఒకామెకు చంకలో బిడ్డ, చేతిలో ఒక సత్తు గిన్నె, అంతే. “ఆమెకి పోను చోటు లేదు. మా ముసలమ్మకి ఉండేది ఆ తోట ఒకటే. ఎవురిని పొమ్మంటావు మే?” అని అడిగేవాడు, పదేళ్ళ పిల్లనని కూడా చూడకుండా.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఎండాకాలం, ఆ నేలను రెండు రాజ్యాలుగా పంచుతారని, ఎక్కడివాళ్ళు అక్కడే ఉండవచ్చునని ఒక కాగితంలో కనిపించింది. పరుగున పోయి చదివాను.

“ఏమ్మే, సరిగ్గా చదివినావా?”

“అక్షరం పొల్లు పోలా. ఎవురూ ఇల్లిడిచి పోబళ్ళేదంట మామా.”

మరునాటి నుంచే ఆరు గరిటెలు మొదలుపెట్టాడు, కాడ చివర నారింజ ఆకు చెక్కాడు, అత్త పాత చీర చించి మూటగా కుట్టి ఇచ్చింది, టపాలో పంపారు. ఆ కాగితం నాలుగైదు నెలల పాతదన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు, మాకు లోకం సంగతులు ఎప్పుడూ పొట్లాల కాగితాలై పాతబడిన తరువాతే తెలిసేవి.

వానలు పడ్డాక ఇంకో కట్ట వచ్చింది. యుద్ధమని, వేలకొద్దీ అరబ్బులు ఇళ్ళు వదిలి పోయారని రాశారు, అందులో ముసలమ్మ ఊరి పేరు కూడా ఉంది. సరిగ్గా చదివావా అని మామ మళ్ళీ అడుగుతాడని భయం వేసింది. ఆ కాగితంలో ఎండుమిరపకాయలు కట్టి, ముందుగా వచ్చిన గిరాకీకి ఇచ్చేశాను. తరువాత రోజూ ఆయన టపా ఇంటికి పోయి వస్తూ, “మే, మా ముసలమ్మ ఊరి సంగతేమన్నా ఉండాదా?” అని అడగడం, ఏం లేదు మామా అని నేననడం. దాదాపు ఏడాదికి మూట అట్లాగే తిరిగి వచ్చింది. ఆ ఊరికిప్పుడు టపా పోదని పోస్టుమాస్టరు చెప్పాడట. మామ దాన్ని విప్పలేదు, దూలానికి కొక్కెం కొట్టి తగిలించాడు. ఆ పైన నన్ను ఏ కాగితమూ చదవమనలేదు.

నన్ను ఆత్మకూరులో ఇచ్చారు. బయలుదేరే రోజు మామ ఆ మూట తెచ్చి బస్సులో నా ఒళ్ళో పెట్టాడు. మిరపకాయల పొట్లం సంగతి ఆ రోజైనా చెప్పేద్దామని నోరు తెరిచాను.

“వాడబాక మే. వాళ్ళు యాడుండారో తెలిసినాక అడిగి తీసుకుంటా. నీకైతే చదవను వచ్చు గదా, యాడన్నా ఆ ఊరి పేరు కనపడితే నాకు చెప్పు.”

సరే మామా అన్నాను. బస్సు కదిలింది. రెండేళ్ళకు ఆయన పోయాడని మా నాయన కార్డు రాశాడు.

అరిగిన చీపురు కూడా పారెయ్యనివ్వదని కోడళ్ళు నన్ను ఆడిపోసుకుంటారు, నిజమే. నా ఇంట్లో వాడకుండా ఉంచినవి ఆ ఆరు గరిటెలే. ఏడాదికొకసారి మూట విప్పి, నూనె రాసి, మళ్ళీ కడతాను. కూరకు తియ్యమని అడిగిన ప్రతి ఒక్కరికీ అవి మనవి కావని చెప్పాను.

ఆ గుడారాల్లో ఉండేవాళ్ళ పెద్దలు ఆ రోజుల్లో ఇళ్ళు వదిలి వచ్చినవాళ్ళేనని టీవీలో చెబుతున్నారు. అప్పట్లో కబురు నెలలు పట్టి వచ్చేది, పదేళ్ళ పిల్ల దాన్ని ఒక పొట్లంలో దాచగలిగింది. ఇప్పుడు ఏదీ దాగదు, అక్కడ పొయ్యి రాజుకోవడం ఇక్కడ మంచం మీద కూచుని చూస్తున్నాను. వాళ్ళు వదిలి వచ్చిన ఊళ్ళలో మామ చెప్పమన్న ఊరి పేరు కూడా ఆ రోజు రెండుసార్లు వినిపించింది. చెప్పడానికి మామ లేడు. టీవీలో ఆమె ఇంకా ఆ కిటికీ చెక్కతోనే కలుపుతోంది.