ఒక్కపొద్దు నాటి మాత్ర

నర్సింగ్ లైసెన్సు పరీక్షకు రొద్దంలో మా ఇంట్లోనే చదువుకుంటున్నాను. ఆ శనివారం పొద్దున అవ్వకు షుగర్ మాత్ర నేనే ఇచ్చాను. ఆమెకు ఒక్కపొద్దని, రాత్రిదాకా ఏమీ తినదని మరిచాను.

మధ్యాహ్నం అవ్వ, "చెమటలు పడతాండాయి పాపా, చేతులు వణకతాండాయి" అంది.

"ఉండవ్వా, ఈ ప్రశ్న కానీ" అన్నాను తలెత్తకుండా.

కాసేపటికి చూస్తే గోడకు ఒరిగిపోయి ఉంది. మాట తడబడుతోంది. చక్కెర నీళ్లు కలిపి తెస్తే అమ్మ అడ్డుపడింది. "షుగరుండే మనిషికి చక్కెర తాపుతావా?"

అమ్మ చేయి తోసేసి, అవ్వ మింగగలదని చూసుకుని, కొంచెం కొంచెంగా తాగించాను.

పావుగంటకు తేరుకుని, "ఒక్కపొద్దు చెడిపాయ కదమ్మా" అని బాధపడింది అవ్వ.

నేను తలెత్తకుండా చేసిన ప్రశ్న, షుగర్ పడిపోతే కనిపించే లక్షణాల గురించే. అవ్వ చెప్పిన రెండూ అందులో ఉన్నాయి. జవాబు సరిగ్గానే పెట్టాను.