అక్క మూసిన గొట్టం

నాకు ముక్కు మీద కోపం. మా అక్కకి అంతకు రెండింతలు. అలాంటి మేమిద్దరం ఒకే లారీ కేబిన్‌లో ఇన్నేళ్ళు పక్కపక్కన కూర్చుని తిరిగామంటే మా చుట్టాలే నమ్మరు. విడవలూరు దాటి సముద్రం వైపు పోతే మా ఊరు. చేపలు ఒడ్డుకు చేరగానే పెట్టెల్లో ఐసు వేసి సర్దడం, తెల్లారేలోపు నెల్లూరు మార్కెట్‌కి లారీ తోలడం నా పని. అక్కడ వ్యాపారులతో బేరం అక్క పని. నన్ను బేరానికి పంపితే చేపలు ఊరికే ఇచ్చేసి, పైగా తగాదా పెట్టుకుని వస్తాను. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

లారీ మా నాయనది. ఎప్పుడో మిలటరీ వాళ్ళు వేలం వేస్తే పాడుకుని తెచ్చాడు. పెట్రోలు ఇంజను. ఈ కాలంలో పెట్రోలు లారీ ఏమిటని అందరికీ నవ్వులాట. "ఇది చేపలు మోస్తా ఉండాదా, పెట్రోలు తాగతా ఉండాదా?" అని బంకులో మనిషి వెళ్ళినప్పుడల్లా అడిగేవాడు. నాకు ఒళ్ళు మండేది. అయినా ఆ బండి నా చేతికి అలవాటైపోయింది. దాన్ని అమ్మే మాట ఎవరెత్తినా ఊరుకునేవాణ్ణి కాదు.

దానికి ఉన్న జబ్బు ఒక్కటే. ఆ కాలపు ఇంజన్లలో కాలిన పొగ కొంత పిస్టన్ల పక్కనుంచి కిందికి, ఆయిలు ఉండే గదిలోకి జారుతుంది. అది బయటికి పోవడానికి ఒక వంకర గొట్టం పెట్టి బండి కిందికి వదిలేసి ఉంటారు. జోరుగా పోతున్నంతసేపూ ఎదురుగాలి ఆ పొగను లాక్కుపోతుంది. బండి నిదానించిందంటే మాత్రం ఆ కమురు కంపంతా కేబిన్ అడుగుచెక్కల సందుల్లోంచి పైకి ఎగదన్నుతుంది. నెల్లూరు వీధుల్లో నిదానంగా కాక ఇంకెలా పోతాం?

నాకు అలవాటైంది. అక్కకి కాలేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, తల కిటికీ బయట పెట్టి వచ్చేది. పోయిన వానాకాలంలో ఆయాసం పట్టుకుంది. దిగగానే బేరంలోకి దూకాల్సిన మనిషి, లారీ చక్రానికి ఆనుకుని కూలబడి గస పోసుకునేది. ఆసుపత్రిలో డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. పొగకి దూరంగా ఉండకపోతే ఊపిరితిత్తులు దెబ్బతింటాయంది.

ఆసుపత్రి నుంచి వస్తూ అక్క తేల్చేసింది.

"ఒరేయ్, ఈ లారీ అన్నా ఉండాల, నేనన్నా ఉండాల. ఏదో ఒకటి చెప్పు."

"నువ్వు బస్సులో రాకూడదా అక్కా?"

"తెల్లారకముందే బస్సు ఎవురు నడుపుతారు, మీ తాతా?"

మా తాత అంటే ఆవిడకీ తాతే. ఆ మాట అనబోయి మింగేశాను. లారీ అమ్మేస్తే ఇంకో బండి కొనే తాహతు మాకు లేదు. అక్క రాకపోతే బేరమే లేదు. అవన్నీ అటుంచండి, పక్క సీట్లో అక్క గుండెలో పిల్లికూతలు వినబడుతుండేవి. నాకు భయం వేసింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆవిడే.

మర్నాడు చూద్దును కదా, అక్క లారీ కింద దూరి ఉంది. మా ఇళ్ళలో ఆడామగా అందరికీ వచ్చిన విద్య ఒకటుంది. పడవ చెక్కల మధ్య నీళ్ళు ఊరితే దూది పేని సందులో కుక్కి, గుగ్గిలం నూనెలో కాచి పైన పూస్తాం. కారే చోటు కనబడితే మూసెయ్యడమే, ఇంకో ఆలోచన ఉండదు. అక్క ఆ వంకర గొట్టం మూతిని అచ్చం అలాగే మూసేసింది. పడవకి చేసినంత శ్రద్ధగా చేసింది. "ఇన్నేళ్ళూ మనకీ బుద్ధి యాడికి పోయిందిరా?" అంటూ చేతులు తుడుచుకుంది. నిజమే సుమా అనుకున్నాను నేను కూడా.

మరుసటి తెల్లవారుజామున కేబిన్‌లో పొగ జాడ లేదు. ఇద్దరం పెళ్ళికి పోతున్నట్టు కబుర్లు చెప్పుకుంటూ వచ్చాం. నెల్లూరు పొలిమేరల్లో ఠప్పుమని చప్పుడైంది. దిగి బానెట్ ఎత్తితే ఆయిలు కొలిచే పుల్ల ఎగిరి పక్కన పడి ఉంది. ఇంజను ప్రతి అతుకులోంచీ ఆయిలు కక్కుతోంది. చేపలు ఆటోల్లో మార్కెట్‌కి చేర్చి, అక్క బేరం ముగించాక లారీని దగ్గర్లో ఉన్న మెకానిక్ షెడ్డుకి తోయించాం.

ఆ షెడ్డు సాయిబుని అందరం భాయ్ అంటాం. చెయ్యి కంటే నోరు ముందు నడిచే మనిషి. గొట్టంలోంచి గుగ్గిలం ముద్ద పీకి చేతిలో పెట్టుకుని, టైరు మీద కూర్చుని మరీ నవ్వాడు.

"ఎవురు చేసినారన్నా ఈ పని?"

"నేనే," అంది అక్క.

"పడవనుకున్నావా అక్కా? పడవలోకి నీళ్ళు రాకూడదు. ఇది లోపలిది బయటికి పోవాల. దారి మూసేస్తే యాడికి పోతాది? అతుకులన్నీ తన్నుకోని వచ్చినాది."

"బయటికి పోవాలంటే నా ముక్కులోకే పోవాల్నా?" అని అడిగింది అక్క. అడిగి, దగ్గు ఆపుకోలేక స్తంభం పట్టుకుంది.

భాయ్ నవ్వు ఆగిపోయింది. కాసేపు ఇంజను చుట్టూ తిరిగి అన్నాడు. "కార్లల్లో ఒక ఏర్పాటు ఉంటాదక్కా. ఆ పొగని బయటికి వదలరు. ఇంజను గాలి పీల్చే దారిలోకే మళ్ళిస్తారు. దాని పొగ అదే తాగి కాల్చేస్తాది. లారీకి నేనెప్పుడూ చెయ్యలేదు. చేస్తా, దేవుడుండాడు."

దేవుడి మీద భారం వేసిన మెకానిక్‌ని నమ్మడమెలాగో నాకు తెలియలేదు. అక్క మాత్రం "చెయ్యి" అంది.

అతుకులు విప్పి సరిచేశాక, ముందుగా ఆయిలు పోసే మూత తీసి ఇంజను తిప్పాడు. అక్కని అడిగి ఆమె సంచిలోంచి ఒక తమలపాకు తీసుకుని ఆ రంధ్రం మీద పెట్టాడు. ఆకు ఎగిరి నా కాళ్ళ దగ్గర పడింది. "చూసినారా, ఎంత తోస్తా ఉండాదో," అన్నాడు. తర్వాత వంకర గొట్టం కోసేసి, అక్కడి నుంచి రబ్బరు పైపు తెచ్చి కార్బురేటర్ కింద, ఇంజను గాలి పీల్చే చోట కలిపాడు. మధ్యలో, తుక్కు కింద పోయిన కారులోంచి తీసిన, గాలిని ఒకవైపే పోనిచ్చే బొటనవేలంత వాల్వు. ఇటు ఆయిలు మూతకి చిల్లులు వేసి, దుమ్ము దూరకుండా అంట్లు తోమే స్టీలు పీచు కుక్కాడు. మంచిగాలి అందులోంచి లోపలికి వస్తుందట.

ఇంజను మళ్ళీ తిప్పాడు. మూత తీసి ఆకు పెట్టాడు. ఆకు మళ్ళీ ఎగిరింది.

ఇక నా నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. నాయన బండి నాశనం చేశావన్నాను, ఇంకా ఏమేమో అన్నాను. "గమ్మునుండరా!" అని అక్క గస పోసుకుంటూనే కసిరింది. భాయ్ వాల్వు ఊడదీసి, తుడిచి, నోట్లో పెట్టి ఊదాడు. ఒకవైపు నుంచి గాలి పోయింది. తిప్పి ఊదితే పోలేదు. నాలుక కరుచుకున్నాడు. తిరగేసి బిగించాడన్న మాట.

సరిగ్గా పెట్టి ఇంజను తిప్పితే కాస్త తడబడింది. కార్బురేటర్ స్క్రూ అటూ ఇటూ సవరించాక కుదురుకుంది. ఈసారి ఆకు తనే పెడతానంది అక్క. తొడిమ పట్టుకుని మెల్లగా రంధ్రం మీద ఆనించింది. ఆకు ఎగరలేదు. లోపలి నుంచి ఎవరో పట్టి లాగినట్టు గట్టిగా అతుక్కుపోయింది. అమ్మయ్య! నాకు ప్రాణం లేచొచ్చింది. భాయ్‌ని తిట్టిన నోటితోనే పట్టుకుని కౌగిలించుకుంటే, నా చొక్కా నిండా ఆయిలు.

మర్నాడు నెల్లూరు రైలు గేటు దగ్గర ఆగిపోయాం. రోజూ అక్కని ఎక్కువగా చంపే చోటు అదే. వాన మొదలైంది. అక్క కిటికీ అద్దం పైకి తిప్పింది. ఏళ్ళుగా తిప్పక అది కిర్రుమంది. కేబిన్ మూసుకుపోయింది. ఇంజను నడుస్తూనే ఉంది. నేను రైలు వంక చూస్తున్నట్టు నటిస్తూ చెవులు మాత్రం అక్క వైపు పెట్టాను. పిల్లికూతలు లేవు. వాన చప్పుడే వినబడుతోంది.

ఉన్నట్టుండి అక్క ముక్కు ఎగబీల్చింది. నా పై ప్రాణం పైనే పోయింది.

"ఏందక్కా, పొగా?"

"పొగ కాదురా, నీ చొక్కా. ఆ ఆయిలు కంపుతోనే వచ్చినావా? ఎన్నాళ్ళయింది దీన్ని ఉతికి?"

చేపల మధ్య పుట్టి పెరిగిన మనిషి నా చొక్కాకి ముక్కు మూసుకుంటోంది! నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. కళ్ళు తుడుచుకుని, "అద్దం దించమంటావా?" అని అడిగాను.

"ఎందుకు, వాన లోపలికి కొడతాది. గేటు తీసినారు, తోలు," అంది అక్క.