మా అమ్మ కుట్టిన పద్మజ గౌన్లు

ఉతకని కొత్త నూలు గుడ్డను బకెట్లో నానేస్తే గంజి వదులుతూ ఒక వాసన వస్తుంది. రాజమండ్రిలో మూడో అంతస్తులో ఉన్న మా రెండు గదుల ఫ్లాట్‌లో ఆ వాసనకి చోటు చాలక, వంటింట్లోంచి మా ఆయన పేపరు చదువుకునే మంచం దాకా వచ్చేస్తుంది. "మళ్లీ మొదలెట్టేవా?" అంటారాయన. నా బట్టలు నేనే కుట్టుకుంటాను. ఫ్రిజ్‌కీ కిటికీకీ మధ్య మిషను ఇరికించుకుని, అన్నాలు తినే బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరించుకుని, ఇస్త్రీ పెట్టె కోసం మిక్సీ ప్లగ్గు పీకేసి, జాకెట్ల దగ్గర్నుంచి పంజాబీ డ్రెస్సుల దాకా అన్నీ నేనే. పక్క ఫ్లాట్ అమ్మాయి ఫోన్లో వేలు ఆడిస్తే డ్రెస్సు గుమ్మంలోకి వచ్చి పడుతుంది, అది ఆ పిల్లకి కొలిచి కుట్టినట్టు సరిపోతుంది, చూసి నాకు ఒళ్లు మండుతుంది. ఈ మంట నాకు కొత్తేమీ కాదు, చిన్నప్పుడు రామచంద్రపురంలో అంటుకున్నదే.

మా ఇల్లు రైసుమిల్లు వెనక వీధిలో ఉండేది. నాన్న చర్చి వాళ్ల స్కూల్లో మాస్టారు, అమ్మ ఇంట్లో బట్టలు కుట్టేది. పొద్దున్న లేచేసరికి మిల్లులో వడ్లు ఉడుకుతున్న వాసన, ఆ వెనకే మిషను తొక్కుతున్న చప్పుడు. వానాకాలంలో మురుక్కాలవ పొంగి వీధిలోకి నీళ్లొస్తే, ఆరని గుడ్డలన్నిటినీ అమ్మ బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో రుద్ది రుద్ది ఆరబెట్టేది, ఇల్లంతా పొగా, తడి గుడ్డ ఆవిరీ. వేసవిలో ముంజలు తిన్న చేతుల్ని వెనక్కి కట్టుకునే మిషను గదిలోకి వెళ్లాలి, మామిడి తాండ్ర అయితే అసలు గడప దాటనిచ్చేది కాదు. కింద పడిన పేలికలన్నీ నావి. వాటితో బొమ్మలకి చీరలు కట్టేదాన్ని, గచ్చకాయలకి సంచులు కుట్టేదాన్ని. మంచి గుడ్డలో నాకు దక్కినవి ఆ పేలికలే.

నా గౌన్లు కుట్టడానికి అమ్మకి ఒక పద్ధతి ఉండేది. "ఎదిగే పిల్ల" అంటూ నా కొలత కంటే ఎప్పుడూ పెద్దగానే కత్తిరించి, మిగిలిన పొడుగంతా కింద అంచు దగ్గర లోపలికి మడతలు మడతలుగా పెట్టి కుట్టేసేది. నేను పొడుగైనప్పుడల్లా ఒక మడత విప్పేది. విప్పిన చోట గుడ్డ కొత్త రంగులో అడ్డగీతలా కనపడేది, పైనంతా వెలిసిపోయి ఉండేది. స్కూల్లో ఎవరైనా నా గౌను చూసి నేను ఎప్పుడెప్పుడు పెరిగానో చెప్పేయొచ్చు. భుజాలు జారుతూ, నడుము తుంటి మీదకి దిగుతూ వదులుగా వేలాడే గౌను, నాకు సరిపోయే నాటికి పాతదైపోయేది. ఏ వయసులోనూ ఆ వయసు గౌను వేసుకున్న గుర్తు లేదు.

పద్మజ మిల్లు వాళ్ల అమ్మాయి. నా ఈడుదే, కాకినాడలో కాన్వెంటు హాస్టల్లో ఉండి చదువుకునేది, సెలవులకే వచ్చేది. వాళ్లమ్మగారు మంచి మంచి గుడ్డలు తెచ్చి, "మీ రూతు కొలతే పెట్టి కుట్టెయ్యమ్మా, ఇద్దరూ ఒక్కలాగే ఉంటారు కదా" అని ఇచ్చి వెళ్లేవారు. అందుకని పద్మజ గౌన్లన్నీ ముందు నాకు తొడిగేది అమ్మ. చేత్తో పొడుగు కుట్లు వేసి తొడిగి, నోట్లో గుండుసూదులు పెట్టుకుని, నన్ను స్టూలు మీద నిలబెట్టి, భుజం పట్టుకుని ఇటూ అటూ తిప్పుతూ, చంక దగ్గర రవ్వంత తగ్గించి, నడుం దగ్గర ఇంకాస్త పట్టి, కుచ్చులు సర్ది, దూరంగా జరిగి చూసి, మళ్లీ వచ్చి విప్పేది.

"ఎంతసేపే అమ్మా" అని నేను గునిసేదాన్ని.

"కదలకు, గుచ్చుకుద్ది" అనేది సూదుల మధ్యలోంచి.

అద్దంలో చూస్తే ఆ గౌను నాకోసమే పుట్టినట్టు ఉండేది. అప్పుడు అమ్మ మెల్లగా, కుట్టు తెగకుండా తల మీదుగా లాగేసేది. నేను లోపలి లంగాతో నిలబడి ఉండగా నా మడతల గౌను నా మీదకి విసిరేది. పద్మజ అంటే నాకు ఎంత అసూయో అప్పట్లో చెప్పడానికి మాట తెలియదు. సెలవుల్లో ఆ పిల్ల మా వీధిలోంచి వెళ్తుంటే మొహం చూసేదాన్ని కాదు, గౌనే చూసేదాన్ని.

ఒక ఏడాది డిసెంబరులో, వీధిలో వెదురు బద్దల నక్షత్రాలకి రంగు కాగితాలు అంటిస్తూ, సరుగుడు కొమ్మ ఎవరింట్లో పెద్దదని పోట్లాడుకుంటూ, ఇంటింటా అరిసెల పాకమూ గులాబీ పువ్వులు వేగే నూనె వాసనా కలిసిపోయిన రోజుల్లో, పద్మజ వాళ్లమ్మగారు లేత నీలం గుడ్డ తెచ్చారు. కాన్వెంటులో క్రిస్మస్ నాటకంలో పద్మజ దేవదూత అట. క్రిస్మస్ మాది, దేవదూత వాళ్లమ్మాయి. నేను చర్చిలో పాటల గుంపులో వెనక వరస.

బుట్ట చేతులు, మెడకి సన్నటి లేసు, కిందంతా కుచ్చులే కుచ్చులు. అమ్మ అంత మనసు పెట్టి కుట్టడం నేనెప్పుడూ చూడలేదు. గౌను పూర్తయి గోడ మేకుకి వేలాడుతుండగా మిల్లు నుంచి కబురొచ్చింది, పద్మజకి ఆటలమ్మ పోసిందనీ, ఇంటికి తెచ్చేశారనీ, నాటకానికి వెళ్లదనీ. ఆ పిల్ల కోసం ప్రార్థన చెయ్యమంది అమ్మ. నేను కళ్లు మూసుకుని గౌను గురించే అనుకున్నాను. పండగ నాడు పొద్దున్న ఒక్క పూట. చర్చికి వేసుకెళ్లి, వచ్చి ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చేస్తే ఎవరికి తెలుస్తుంది?

అడిగాను. అమ్మ ఒప్పుకోలేదు.

"నాకు తొడిగే కదా కుట్టేవు" అన్నాను.

"కుట్టేటప్పుడు తొడిగితే పని. కుట్టేక తొడిగితే దొంగతనం" అంది అమ్మ. ఆ సాయంత్రమే పాత పంచెలో చుట్టి తనే మిల్లు వాళ్లింట్లో ఇచ్చి వచ్చింది. పండగ పొద్దున్న నేను కొత్త గౌనులోనే, అంటే మూడేళ్లకి సరిపడా మడతలున్న గౌనులోనే, వెనక వరసలో నోరు కదుపుతూ పాడకుండా నిలబడ్డాను. ఇంటికొచ్చి అరిసె కూడా ముట్టుకోలేదు. అమ్మ బతిమాలలేదు, సాయంత్రానికి ఆకలే బతిమాలింది.

ఇప్పుడు ఆ మిల్లు లేదు, కల్యాణ మండపం కట్టారు. ఆ వీధిలో మిషను చప్పుడూ లేదు. అమ్మ పోయి చాలా కాలమైంది. పద్మజ మాత్రం ఉంది. నిరుడు మా అపార్టుమెంటులోనే ఐదో అంతస్తులో, గోదావరి కనపడే వైపు, పెద్ద ఫ్లాట్ కొనుక్కుంది. మాకు కనపడేది పక్క బిల్డింగు పైపులు. ఒకనాడు చక్కెర పొంగలి తెచ్చి, నా మిషను చూసి అక్కడే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మీ అమ్మగారు కుట్టిన గౌను ఒక్కటీ నాకు సరిగ్గా పట్టేది కాదు తెలుసా రూతూ" అంది నవ్వుతూ. "జబ్బలు జారిపోయేవి, నడుం దగ్గర వదులు. హాస్టల్ తిండికి చిక్కిపోయానని మా అమ్మ ఒకటే ఏడుపు. మీ అమ్మగారు బాధపడతారని ఆవిడకి చెప్పలేదు."

"ఆ నీలం గౌను ఏమైందండీ?" అని అడిగాను.

"ఏ నీలం గౌను?" అంది. మళ్లీ తనే, "పాతబట్టలకి స్టీలు గిన్నెలిచ్చే ఆవిడ వచ్చేది కదా, ఆవిడికి వేసేసుంటుంది అమ్మ" అంది. వెళ్తూ వెళ్తూ తనకి రెండు జాకెట్లు కుట్టిపెడతావా అని అడిగింది. నేను బయటివాళ్లవి కుట్టనండీ అన్నాను.

ఈ మాట విన్నాక అసూయ చల్లారి ఉంటుందని మీరనుకోవచ్చు. రెట్టింపైంది. ఆ ఊళ్లో ఒక్క పిల్లకే సరిపోయే గౌన్లు అన్నేళ్లూ ఇంకో పిల్ల ఒంటి మీద జారిపోతూ తిరిగి, చివరికి గిన్నెల్లో కలిసిపోయాయి. ఈ మధ్య దానికి తోడు ఇంకోటి పట్టుకుంది. నాకు నేనే కుట్టుకునేటప్పుడు వీపు వైపు కొలత అందదు. అద్దానికి వెనక్కి తిరిగి, మెడ తిప్పి, చేతులు విరుచుకుని సూది పెడతాను, ఎప్పుడూ ఒక పక్కకి పోతుంది. అలా తిప్పలు పడుతూ, అమ్మ రెండు చేతుల మధ్యా నిలబడి, ఎంతసేపే అమ్మా అని గునిసిన ఆ పిల్లని తలుచుకుని కుళ్లుకుంటున్నాను.